పొద్దుగూకినంక పూసే పువ్వు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. నల్లగొండలో ఆ మాట అక్షరాలా నిజం. మొన్నటిదాకా దుప్పటి కప్పుకున్నవాళ్లం ఆ వారంలోనే ఫ్యాన్ వేసుకుంటాం. నాకైతే అది సొర గింజలు నానబెట్టే వారం. తీగజాతి గింజలకు వెచ్చదనం కావాలి. నేల చల్లగా ఉంటే అవి మొలవకుండా అలాగే పడి ఉంటాయి, తడి ఎక్కువైతే కుళ్లిపోతాయి. అందుకే రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, బియ్యం డబ్బా పక్కన పెడతాను. నాలుగైదు రోజుల్లో గింజ మొనలో తెల్లటి మొలక తొంగిచూస్తుంది. ఇన్నేళ్లయినా ఆ పొద్దు ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తాను.

మాది ఎర్ర చెలక నేల. బకెట్ నీళ్లు పోస్తే గంటలో పైన తడి కనబడదు. దానికి పశువుల పెంట ఒక మందు, చెరువు మట్టి ఇంకో మందు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక మట్టి ట్రాక్టర్లలో చెలకలకు వెళ్లింది. మా పెరటికి కూడా రెండు గంపలు తెచ్చుకున్నాం. ఆ నల్లమట్టి రేణువులు చాలా సన్నవి, నీటిని పట్టుకుని ఉంచుతాయి. పాదు పక్కన మెడదాకా పాతిన మట్టికుండ కూడా ఉంది. చుట్టూ నేల ఎండుతుంటే కుండ గోడలోంచి నీరు కొద్దికొద్దిగా ఊరుతుంది, నేల తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. ఊరెళ్లినా రెండు రోజులు టెన్షన్ ఉండదు.

అయినా మొదటి ఏడాది నాకు ఒక్క సొరకాయ కూడా రాలేదు. మావైపు ఆనిగెపుకాయ అంటాం. తీగ పందిరంతా అల్లుకుంది, తెల్లటి పూలు విరగబూశాయి. వేలెడంత పిందె కనబడడం, నాలుగు రోజుల్లో పసుపు తిరిగి రాలిపోవడం, ఇదే వరస. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోశాను. యూరియా వేశాను. ఆకులు మాత్రం చేటలంత అయ్యాయి. అప్పుడు పక్కింటి అవ్వ ఒక మాట అన్నది.

"పొద్దున వచ్చి చూస్తే ఏం తెలుస్తది బిడ్డా? ఆనిగెపు పువ్వు, బీరపువ్వు పొద్దుగూకే యాళ్లకు పూస్తయి. గప్పుడు వచ్చి కూసో."

కూర్చున్నాను. ఎండ పందిరి దిగి గోడెక్కిన వేళకు, ముడుచుకున్న గొడుగులా ఉన్న మొగ్గ కొస వదులైంది. కళ్ల ముందే మడతలు విడివడుతూ అరగంటలో పువ్వు అరచేయంత విచ్చుకుంది. పలుచని తెల్ల కాగితం నలిపి సాపు చేసినట్టున్న రేకులు. తెల్లవారి ఎండ తగిలేసరికి అవే వాలిపోతాయి. నేను రోజూ పొద్దున చూస్తున్నది పని అయిపోయిన పూలనన్నమాట.

సొర, బీర, దోస, కాకర, గుమ్మడి తీగల్లో సాధారణంగా మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపువ్వు కింద ఉత్త కాడే ఉంటుంది. ఆడపువ్వు కింద నూగుతో చిన్న కాయ ఆకారం అప్పటికే ఉంటుంది. మొదట మగపూలే వస్తాయి, ఆడపూలు తర్వాత. నన్ను మోసం చేసింది ఆ చిన్న కాయే. అది కాయ అయ్యిందనుకున్నాను. నిజానికి అది కాయ కాగల అవకాశం మాత్రమే. మగపువ్వు పుప్పొడి అందకపోతే తీగ దాన్ని వదిలేస్తుంది.

దోస, కాకర పొద్దున పూస్తాయి కాబట్టి తేనెటీగలు ఆ పని చూసుకుంటాయి. సాయంత్రం పూసే సొరకు చీకట్లో తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి చిమ్మటలే పెద్ద దిక్కు. ఆ తెలుపు చీకట్లో వాటికి కనబడడానికే. మా గల్లీలో ఎల్‌ఈడీ వీధిదీపం తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు చీకటి మైదానాల్లో దీపాలు పెట్టి లెక్కగట్టి, పూల మీదికి రాత్రి కీటకాల రాక 62 శాతం తగ్గిందని 2017లో ప్రకటించారు. అది చదివాక మా దీపం వైపు చూపు మారింది.

ఇప్పుడు చిమ్మట పని నేనే చేస్తాను. చీకటి పడుతుండగా అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో తుంచి, రేకులు వెనక్కి వలిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా అద్దుతాను. మూడు భాగాలుగా ఉబ్బి, జిగటగా ఉంటుంది ఆ భాగం. అన్ని వైపులా అంటాలి. పని ఫలిస్తే రెండు మూడు రోజుల్లో కాడ బరువుకు కిందికి వంగుతుంది, పిందె ఆకుపచ్చగా నునుపు తేలుతుంది. ఆ వంపు చూసిన రోజు కలిగే సంతోషం మార్కెట్ సంచిలో దొరకదు.

ఎండ ముదిరేకొద్దీ మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. పొడుగు పగళ్లు, వేడి ఈ తీగల్ని అటు నడిపిస్తాయి. అందుకే గింజ శివరాత్రికే పడాలి, ఉగాది దాటితే ఆలస్యం. పెద్ద తీగ కొస గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు వాటి మీదే ఎక్కువ. టమాట విషయంలో నేను పట్టుబట్టడం మానేశాను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే దాని పుప్పొడి సరిగా తయారవదు, పూత రాలిపోతుంది. మే నెలలో 44 చూసే ఊళ్లో దాన్ని తిట్టి లాభం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. సొరకాయ కోయగానే మా అమ్మ చిన్న ముక్క నాలుక కొసకు తాకించి చూసేది. చేదుంటే కాయంతా పారేసేది. అందులోని కుకుర్బిటాసిన్లు విషం, ఉడికించినా పోవు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలో ఉన్నాయి.

సాయంత్రం సొరదైతే, తెల్లవారుజాము గంగవాయిలి ఆకుకూరది. నేను నాటకుండానే కుండ చుట్టూ పాకుతుంది. నీళ్లు సరిగా అందనప్పుడు ఈ మొక్క రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. ఆపిల్‌లో పులుపునిచ్చేది అదే. పగలు రంధ్రాలు మూసుకుని, నీరు పోకుండా, ఆ నిల్వను వాడుకుంటుంది. తోటకూర, మొక్కజొన్నల్లాగా ఎండలో చురుగ్గా ఆహారం తయారుచేసుకునే ఇంకో పద్ధతి కూడా దీనికి ఉంది. రెండూ ఒకే కణాల్లో సాగుతాయని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో చూపించారు.

మా ఇంట్లో ఆ పులుపు తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేకపోయింది. నాలుగు రోజులు నీళ్లు ఆపి, తెల్లవారుజామున ఒక రెమ్మ, సాయంత్రం ఒక రెమ్మ తుంచి పిల్లలకు తినిపించాను. పొద్దుటిది నోట్లో పెట్టగానే ఇద్దరూ కళ్లు చిట్లించారు. సాయంత్రానికి ఆ పులుపు చాలావరకు పోయింది. అప్పటినుంచి గంగవాయిలి పప్పు వండే రోజున, సూర్యుడు గోడ మీదికి రాకముందే, మా చిన్నది గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్తుంది.