పుట్టిన బరువు, జన్యువులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

శిశువు పుట్టిన బరువుపై జన్యువుల ప్రభావాన్ని గణాంక పద్ధతులతో అంచనా వేయడం నా వృత్తి. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఒకటే: ఆ బరువు వెనుక తల్లీబిడ్డలిద్దరి జీనోమ్‌లు (మొత్తం జన్యు సమాచారం) ఉన్నాయన్న సంగతిని మరచిపోవడం.

అపోహ: బిడ్డ బరువును నిర్ణయించేవి బిడ్డ జన్యువులే.

వాస్తవం: బిడ్డ పెరిగే గర్భాశయ వాతావరణాన్ని తల్లి జన్యువులు కూడా ప్రభావితం చేస్తాయి. 1938లో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్లాండ్ గుర్రాలనూ రెండు విధాలా సంకరం చేశారు. పిల్లల జన్యుసంపద రెండు సంకరాల్లోనూ దాదాపు ఒకటే అయినా, షైర్ తల్లికి పుట్టిన పిల్ల పెద్దదిగా, షెట్లాండ్ తల్లికి పుట్టినది చిన్నదిగా ఉంది. మనుషుల విషయానికి వస్తే, శరీరం గ్లూకోజ్‌ను పసిగట్టడానికి తోడ్పడే గ్లూకోకైనేజ్ జన్యువులోని ఉత్పరివర్తనాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అది తల్లికి మాత్రమే ఉంటే, ఆమె రక్తంలో పెరిగిన గ్లూకోజ్‌కు స్పందనగా బిడ్డలో ఇన్సులిన్ పెరిగి, బిడ్డ సుమారు 600 గ్రాములు ఎక్కువ బరువుతో పుడుతుంది. బిడ్డకు మాత్రమే ఉంటే, గ్లూకోజ్‌ను పసిగట్టే శక్తి తగ్గి, ఇన్సులిన్ తక్కువై, సుమారు 500 గ్రాములు తక్కువగా పుడుతుంది. ఇద్దరికీ ఉంటే బరువు మామూలుగానే ఉంటుంది. 1998లో హాటర్స్‌లీ బృందం ప్రచురించిన ఈ ఫలితం, తల్లీబిడ్డలలో ఒకరి జన్యురూపాన్నే (ఆ వ్యక్తిలో ఉన్న జన్యు రూపాంతరాలను) చూస్తే ఎంత తప్పుదారి పడతామో చూపుతుంది.

అపోహ: బిడ్డలోని ఒక జన్యు వైవిధ్యానికీ బరువుకూ సంబంధం కనిపిస్తే, అది బిడ్డ జన్యువు పనే.

వాస్తవం: బిడ్డ జన్యువుల్లో సగం తల్లివే కనుక, వ్యక్తి జన్యురూపాన్ని అతని సొంత పుట్టిన బరువుతో పోల్చినప్పుడు వచ్చే అంచనాలో శిశు ప్రభావంతో పాటు తల్లి ప్రభావంలో సగం కలిసి ఉంటుంది. అదే స్త్రీ జన్యురూపాన్ని ఆమె బిడ్డ బరువుతో పోలిస్తే, తల్లి ప్రభావంతో పాటు శిశు ప్రభావంలో సగం వస్తుంది. మొదటి అంచనాకు 4/3 వంతు తీసుకుని, అందులోంచి రెండో అంచనాలో 2/3 వంతు తీసివేస్తే శిశు ప్రభావం ఒక్కటే మిగులుతుంది. తండ్రి జన్యువులు బిడ్డకు సంక్రమించడం ద్వారా తప్ప వేరే దారిలో పనిచేయవన్నది ఇందులోని ఊహ. బ్రిటన్‌లో లక్షలాది మంది ఆరోగ్య, జన్యు వివరాలను సేకరించిన యూకే బయోబ్యాంక్‌లో స్త్రీలు తమ పుట్టిన బరువునూ, తొలి బిడ్డ బరువునూ తెలియజేయడం ఈ పద్ధతికి ఎంతో మేలు చేసింది. అయితే ఒకే స్త్రీ రెండు విశ్లేషణల్లోనూ ఉంటుంది గనుక ఆ ఉమ్మడి భాగాన్ని లెక్కలో సరిదిద్దాలి. 2019లో ఎర్లీ గ్రోత్ జెనెటిక్స్ కన్సార్టియం అనే పరిశోధకుల కూటమి 3,21,223 మంది సొంత బరువునూ, 2,30,069 మంది తల్లుల బిడ్డల బరువునూ కలిపి విశ్లేషించి, 190 స్వతంత్ర జన్యు సంకేతాలను గుర్తించింది. విడదీసిన ప్రభావాల ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి) పెరుగుతుంది కాబట్టే ఇంత పెద్ద నమూనాలు అవసరమవుతాయి.

అపోహ: పుట్టిన బరువులో జన్యువుల వాటా తెలుసుకోవడానికి కవలల అధ్యయనాలు చాలు.

వాస్తవం: కవలలిద్దరికీ తల్లి ఒకరే కావడంతో, ఆమె జన్యువుల ప్రభావం ఉమ్మడి పరిసరాల ఖాతాలోకి వెళ్లిపోతుంది. అందుకే అనేక రకాల బంధుత్వాలున్న కుటుంబాల సమాచారం కావాలి. 2007లో వెలువడిన నార్వే కుటుంబాల విశ్లేషణ, బరువులోని వ్యత్యాసంలో 31 శాతం శిశు జన్యువులదనీ, 22 శాతం తల్లి జన్యువులదనీ అంచనా వేసింది. ఇవి జనాభాలోని తేడాలను వివరించే శాతాలు. ఒక బిడ్డ బరువులో ఇన్ని గ్రాములు జన్యువులవని చెప్పేవి కావు.

అపోహ: తక్కువ బరువుతో పుట్టడమే పెద్దయ్యాక అధిక రక్తపోటుకు కారణం.

వాస్తవం: ఆ రెండింటి మధ్య సంబంధం నిజమే, కానీ కారణం వేరు కావచ్చు. తల్లిలో రక్తపోటును పెంచే జన్యు వైవిధ్యాలు బిడ్డ బరువును తగ్గిస్తాయి. అవే బిడ్డకు సంక్రమించి తర్వాత బిడ్డ రక్తపోటునూ పెంచుతాయి. పైన చెప్పిన 2019 అధ్యయనం మెండీలియన్ రాండమైజేషన్ (జన్యు వైవిధ్యాల ఆధారంగా కార్యకారణ సంబంధాన్ని పరీక్షించే) పద్ధతిలో చేరిన నిర్ధారణ ఇదే. ఇది సాధారణ జనాభాలోని తేడాలకు సంబంధించినది. తీవ్రమైన పోషకాహార లోపానికి దీన్ని అన్వయించడం నా దృష్టిలో తప్పు.

అపోహ: గర్భకాలాన్ని లెక్కలోకి తీసుకుంటే విశ్లేషణ ఎప్పుడూ మెరుగవుతుంది.

వాస్తవం: ఒక జన్యువు గర్భకాలాన్నే మారుస్తూ, మనం కొలవని మరో అంశం గర్భకాలాన్నీ బరువునూ రెండింటినీ మారుస్తున్నప్పుడు, గర్భకాలానికి చేసిన ఆ సవరణే నిజంగా లేని సంబంధాన్ని సృష్టించగలదు. అందుకే సవరణతోనూ, సవరణ లేకుండానూ వచ్చిన ఫలితాలను నేను పక్కపక్కనే ఇస్తాను.