జపాన్ బేస్‌బాల్: స్కోరు రాసేవాడి చూపులో అపోహలు, వాస్తవాలు

నాకు బంతి సరిగ్గా విసరడం రాదు, బ్యాట్ పట్టుకుంటే చుట్టుపక్కల నవ్వుతారు. అయినా తొమ్మిదేళ్లుగా ఆదివారం పొద్దున్నే మా పేట జట్టుకి స్కోరు రాసేది నేనే. ఉండేది జపాన్‌లో, ఒసాకా దగ్గరి నిషినోమియాలో. కోషియెన్ స్టేడియం ఇంటి నుంచి సైకిల్ మీద పావుగంట. విజయవాడ నుంచి ఫోన్ చేసే బావమరిది అయినా, ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్లయినా అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: అమెరికా లీగ్‌కి ఇది చిన్న తమ్ముడు, రూల్స్ అన్నీ అవే

తొమ్మిది మంది, తొమ్మిది ఇన్నింగ్స్ వరకు నిజమే. ఆ తర్వాత దారి వేరు. ఫిబ్రవరి 1న 12 ప్రొఫెషనల్ జట్లూ ఒకే రోజు క్యాంపు మొదలుపెడతాయి. చలి తక్కువని ఎక్కువ జట్లు ఓకినావాకో మియజాకికో వెళ్తాయి. మార్చి చివర్లో సీజన్ మొదలవుతుంది, జట్టుకి 143 మ్యాచ్‌లు. 12 ఇన్నింగ్స్ ఆడినా తేలకపోతే డ్రా. గెలుపు శాతం లెక్కలో ఆ డ్రాని అసలు కలపరు. "డ్రా ఏంటి, ఇదేమన్నా టెస్ట్ మ్యాచా?" అన్నాడు మా బావమరిది.

అదే దేశంలో, అదే ఆట హైస్కూల్ పిల్లలు ఆడితే డ్రా ఉండదు. పదో ఇన్నింగ్స్ నుంచి టై బ్రేక్. ఫస్ట్ బేస్ మీద ఒకరిని, సెకండ్ బేస్ మీద ఒకరిని ఊరికే నిలబెట్టి ఆట మొదలుపెడతారు (బేస్‌లంటే రన్ కోసం వరసగా తాకుతూ రావాల్సిన మజిలీలు). ప్రొఫెషనల్ జట్టు రేపు మళ్లీ ఆడుతుంది, డ్రా అయినా కొంప మునగదు. పిల్లలది నాకౌట్, రేపటి మ్యాచ్‌లో ఆ ఖాళీ గడిలోకి ఎవరో ఒకరు రావాలి. జపాన్ బేస్‌బాల్‌లో వింతగా కనిపించే చాలా సంగతులు ఇలాంటివే. ఒక్కో అంతస్తుకి ఒక్కో అవసరం, దానికి తగ్గ రూలు. కింది అంతస్తు కొలబద్దతో పై అంతస్తుని కొలిస్తే ఏదీ అర్థం కాదు.

స్కోరు రాసేవాడికి ఆ టై బ్రేక్ ఒక తలనొప్పి. నా పుస్తకంలో ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో గడి. గడి మధ్యలో అవుటైతే రోమన్ అంకె, రన్ అయితే చుక్క. ఆ రన్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) బాధ్యతైతే చుక్క నిండుగా, కాకపోతే ఖాళీగా. టై బ్రేక్‌లో ఊరికే నిలబెట్టిన ఇద్దరూ బ్యాట్ పట్టకుండానే బేస్ మీద ఉన్నారు కదా, వాళ్లు చివరి మజిలీకి చేరి రన్ చేసినా ఆ రన్‌లు పిచ్చర్ ఖాతాలో పడవు. ఖాళీ చుక్కే.

ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటర్ కొట్టాల్సిన బంతిని వదిలేసినా, కొట్టబోయి తప్పినా స్ట్రైకు, మూడైతే అవుట్. గురి తప్పి వచ్చిన బంతిని బ్యాటర్ వదిలేస్తే 'బాల్'. 2010 దాకా ఇక్కడ స్ట్రైకులు ముందు, బాల్స్ తర్వాత చెప్పేవారు. ఆ ఏడు ప్రొఫెషనల్స్, మరుసటి ఏడు హైస్కూళ్లు వరస మార్చుకున్నాయి. మా జట్టు పెద్దాయన మాత్రం మారలేదు. ఆయన "టూ-వన్" అని అరిస్తే రెండు స్ట్రైకులు, ఒక బాల్ అని. మొదటి ఏడాది నేను తిరగేసి రాసుకుని, బ్యాటర్‌కి ఇంకా రెండు స్ట్రైకుల చాన్సుందని చెప్పి తిట్లు తిన్నా.

అపోహ: 'హామ్ ఫైటర్స్' అంటే పంది మాంసంతో కొట్లాడేవాళ్లు

కాదు. నిప్పన్ హామ్ అన్నది కంపెనీ, ఫైటర్స్ అన్నది జట్టు. విరుపు అక్కడ. జెయింట్స్ యోమియురి పత్రికవాళ్లది, టైగర్స్ హాన్‌షిన్ రైల్వేవాళ్లది, స్వాలోస్ యాకుల్ట్ అనే పెరుగు పానీయం కంపెనీది. హిరోషిమా కార్ప్ కథ కొంచెం వేరు. 1951లో డబ్బుల్లేక జట్టు మూతపడే పరిస్థితి వస్తే, ఊరి జనం స్టేడియం బయట పీపాల్లో చిల్లర వేసి నిలబెట్టుకున్నారు.

అపోహ: లీగ్‌లో మొదటి స్థానం వస్తే ట్రోఫీ ఫైనల్ ఖాయం

12 జట్లూ సెంట్రల్, పసిఫిక్ అని రెండు లీగులు. ఒక్కో లీగ్‌లో మొదటి మూడు జట్లు క్లైమాక్స్ సిరీస్ అనే ప్లేఆఫ్ ఆడతాయి, అందులో గెలిచినవాళ్లదే ఫైనల్ అయిన జపాన్ సిరీస్. 2024లో డీఎన్ఏ బేస్టార్స్ సెంట్రల్ లీగ్‌లో మూడో స్థానం. క్లైమాక్స్ సిరీస్‌లో రెండో స్థానం హాన్‌షిన్‌నీ, మొదటి స్థానం జెయింట్స్‌నీ ఓడించి, జపాన్ సిరీస్‌లో సాఫ్ట్‌బ్యాంక్‌ని 4-2తో కొట్టింది. అయినా ఆ ఏడు సెంట్రల్ లీగ్ విజేత ఎవరంటే జెయింట్సే. రెండూ వేరు వేరు బిరుదులు. ఇది న్యాయమా అని నన్నడిగితే... 143 మ్యాచ్‌ల లెక్కలు రాసేవాణ్ని, నా ఓటు లీగ్‌కే.

అపోహ: కోషియెన్ అన్నది టోర్నమెంట్ పేరు

స్టేడియం పేరు. మనకి ప్రభవ, విభవ ఉన్నట్టే తూర్పు ఆసియాలోనూ అరవయ్యేళ్ల చక్రం ఉంది. మన ప్రభవ 1927లో వస్తే, వాళ్ల చక్రంలో మొదటి ఏడు 1924. ఆ ఏడాది ఆగస్టులో కట్టడం పూర్తయింది కాబట్టి ఆ సంవత్సరం పేరే స్టేడియానికి పెట్టారు. వేసవి హైస్కూల్ టోర్నమెంట్ అంతకన్నా పాతది, 1915లో టోయోనకాలో మొదలైంది. వసంతంలో జరిగేది మరొకటి. దానికి 32 స్కూళ్లని ముందటి శరదృతువు ఆట చూసి కమిటీ ఎంపిక చేస్తుంది. వేసవిలో సిఫార్సులు లేవు, గెలిచి రావాల్సిందే. 47 ప్రిఫెక్చర్లు, అంటే మన రాష్ట్రాల్లాంటి ప్రాంతాలు. టోక్యో, హొక్కైడోలకి రెండేసి చొప్పున మొత్తం 49 స్కూళ్లు.

2025 వేసవిలో దేశమంతా కలిపి 3,396 జట్లు మొదలుపెట్టాయి. ఓడిపోకుండా ఇంటికెళ్లింది ఒక్కటి. టీవీలో ఏడుపులే కనిపిస్తాయని అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. కెమెరా వెతుక్కోనక్కర్లేదు.

ఆ రెండున్నర వారాలు ఆ స్టేడియమే సొంత మైదానమైన హాన్‌షిన్ టైగర్స్ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు. వరసగా బయటి ఊళ్లలో ఆడాల్సిన ఆ ప్రయాణాన్ని 'చావు రోడ్డు' అనేవాళ్లు. ఇప్పుడు ఒసాకా డోమ్‌లో కొన్ని మ్యాచ్‌లు పెట్టుకుంటారు కాబట్టి కొంత నయం.

అపోహ: పిల్ల పిచ్చర్ల చేత భుజం ఊడేదాకా వేయిస్తారు, పట్టించుకునేవాడు లేడు

మొదటి సగం నిన్నటిదాకా నిజం. 1998లో యోకోహామా స్కూల్ పిచ్చర్ మత్సుజాకా పీఎల్ గాకుయెన్ మీద 17 ఇన్నింగ్స్‌లో 250 బంతులు వేశాడు. 2006 ఫైనల్ 15 ఇన్నింగ్స్ ఆడినా 1-1 దగ్గరే ఆగింది. మర్నాడు మళ్లీ ఆడించారు. రెండు రోజులూ వాసెదా జిత్సుగ్యో స్కూల్ తరఫున సాయితో అనే కుర్రాడే వేశాడు. టోర్నమెంట్ మొత్తం మీద 948 బంతులు. 2018లో కనాఆషి వ్యవసాయ స్కూల్ కుర్రాడు యోషిదా 881 బంతులు వేసి, ఫైనల్లో ఐదు ఇన్నింగ్స్ తర్వాత పిచ్చింగ్ వేరేవాడికి ఇచ్చేశాడు. నేను ఆ రోజు పై స్టాండ్‌లో ఉన్నా. అతను కిందకి దిగుతుంటే నా పక్కన కూర్చున్న ముసలాయన చప్పట్లు కొట్టలేదు, "హమ్మయ్య" అన్నాడు.

ఆ తర్వాత మారింది. 2020లో వారానికి 500 బంతులు దాటకూడదని రూలు పెట్టారు. కరోనాతో ఆ ఏడు రెండు టోర్నమెంట్లూ రద్దవడంతో కోషియెన్‌లో అమలు చూసింది 2021 నుంచి. టై బ్రేక్ 2018లో పదమూడో ఇన్నింగ్స్ నుంచి మొదలై, 2023కి పదో ఇన్నింగ్స్‌కి దిగింది. 2024లో మెటల్ బ్యాట్ లావు 67 మిల్లీమీటర్ల నుంచి 64కి తగ్గించారు, బంతి పిచ్చర్ మొహం మీదకి అంత వేగంగా రాకుండా. అదే వేసవిలో మొదటి మూడు రోజులు మిట్టమధ్యాహ్నం ఆట ఆపి, పొద్దునా సాయంత్రం ఆడించారు. చాలా? నాకైతే 500 ఇంకా ఎక్కువే అనిపిస్తుంది.

మేం ఆడేది రబ్బరు బంతితో. చిన్నపిల్లలకి దెబ్బ తగలకూడదని జపాన్‌లోనే తయారుచేసిన బంతి అది. దీనికీ హైస్కూల్ టోర్నమెంట్ ఉంది. 2014లో చుక్యో, సోతోకు స్కూళ్ల సెమీఫైనల్ నాలుగు రోజులు నడిచి యాభయ్యో ఇన్నింగ్స్‌లో 3-0తో తేలింది. రెండు పక్కలా ఒక్కొక్క పిచ్చరే మొత్తం వేశాడు. గెలిచిన చుక్యోవాళ్లు అదే రోజు ఫైనల్ కూడా ఆడి గెలిచారు. ఆ స్కోరు రాసినవాడెవరో గానీ, ఎన్ని పేజీలు అతికించుకున్నాడో అని ఇప్పటికీ అనుకుంటుంటా.

అపోహ: హైస్కూల్ ఆటగాళ్లందరిదీ గుండు తలే

చాలామందికి ఉండేది. 2023లో జుట్టున్న కుర్రాళ్లతో కేయో స్కూల్ వేసవి టోర్నమెంట్ గెలిచింది, 107 ఏళ్ల తర్వాత. ఇప్పుడు గుండు కొట్టించుకునేవాళ్లని "ఎందుకు?" అని అడుగుతున్నారు.

అపోహ: పద్దెనిమిదేళ్లకి డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే ఆట అయిపోయినట్టే

డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి. ఇదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఒక దారి యూనివర్సిటీ. టోక్యోలో ఆరు యూనివర్సిటీల లీగ్ 1925 నుంచి నడుస్తోంది. ఒక్కో మ్యాచ్‌కి పాయింటు కాదు, ఒక ప్రత్యర్థి మీద ముందు రెండు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకి ఒక పాయింటు. వాళ్ల మైదానం జింగూ. యాకుల్ట్ జట్టుదీ అదే మైదానం. సాధారణంగా పగలు పిల్లలది, రాత్రి ప్రొఫెషనల్స్‌ది. టోక్యో యూనివర్సిటీ ఈ లీగ్ ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదు, 2010-15 మధ్య వరసగా 94 మ్యాచ్‌లు ఓడింది. అయినా ప్రతి ఏడూ కొత్తవాళ్లు చేరతారు.

రెండో దారి కంపెనీ జట్లు. హైదరాబాద్ లీగ్ క్రికెట్ చూసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. ఆంధ్రా బ్యాంక్, ఎస్‌బీహెచ్ జట్లు గుర్తున్నాయా? ఉద్యోగం ఇచ్చి ఆడించేవి. ఇక్కడా అంతే. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం ప్రాక్టీసు. 1995లో అమెరికాని ఊపేసిన నోమో హిదెయో కూడా హైస్కూల్ తర్వాత సకాయ్‌లో స్టీల్ కంపెనీ జట్టులోనే ఆడాడు. ఈ కంపెనీల పెద్ద పండగ టోక్యో డోమ్‌లో జరిగే నగరాల టోర్నమెంట్, 1927లో మొదలైంది. ఆడేది కంపెనీ, పేరు మాత్రం ఊరిది. అందుకే ఇంకో విచిత్రం: క్వాలిఫైయర్స్‌లో ఓడిపోయిన తమ ప్రాంతం జట్ల నుంచి ముగ్గురు ఆటగాళ్లదాకా అరువు తెచ్చుకోవచ్చు. నిన్న తిట్టుకున్న పిచ్చర్ ఇవాళ మన చొక్కా వేసుకుంటాడు. మొదట విన్నప్పుడు మోసం అనుకున్నా. తమ ప్రాంతం పరువు కోసం అని తెలిశాక తప్పుగా అనిపించలేదు.

అపోహ: కోషియెన్ మట్టి అక్కడి నేలదే, ఓడినవాళ్లే తీసుకెళ్తారు

మైదానం మట్టిని గుర్తుగా గెలిచినవాళ్లూ తీసుకెళ్తారు. ఇక మట్టి అక్కడిది కాదు. వేరే ప్రాంతాల నల్లమట్టిలో ఇసుక కలిపి తయారుచేస్తారు. వానలెక్కువని వసంతంలో ఇసుక పాలు పెంచుతారు, తెల్లబంతి బాగా కనబడాలని వేసవిలో నల్లమట్టి పాలు.

1958లో ఓకినావా నుంచి షురి స్కూల్ మొదటిసారి వచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే ఓడి, అందరిలాగే మట్టి సంచుల్లో నింపుకున్నారు. అప్పటికి ఓకినావా అమెరికా పాలనలో ఉంది. నాహా రేవుకి చేరాక, బయటి దేశపు మట్టి అని క్వారంటైన్ రూలు ప్రకారం సముద్రంలో పారబోయించారు. ఆ వార్త చదివిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమాన సిబ్బంది కోషియెన్ నుంచి గులకరాళ్లు ఏరి పంపారు. రాళ్ల మీద రూలు లేదు మరి. అవి ఇప్పటికీ ఆ స్కూల్ ఆవరణలో ఒక స్మారకంలో పొదిగి ఉన్నాయి.