మిగిలింది కణితా, చికిత్స చేసిన గాయమా? మెదడు పెట్ స్కాన్ల వెనుక డెబ్బై ఏళ్ల కథ

మెదడు క్యాన్సర్లలో ఉధృతమైన గ్లయోబ్లాస్టోమా వచ్చిన రోగికి ఆపరేషన్, రేడియేషన్, కీమో అయ్యాక తీసిన ఎంఆర్‌ఐలో పాత చోటే మళ్లీ తెల్లగా కనిపిస్తే, అది తిరగబెట్టిన కణితో, రేడియేషన్ చేసిన గాయమో ఆ ఒక్క చిత్రం చూసి తేల్చడం నిపుణులకు కూడా కష్టమే. ఎంఆర్‌ఐకి ముందు నరంలోకి ఎక్కించే గడోలినియం మందు కణితిని గుర్తుపట్టదు. రక్తనాళాలకూ మెదడు కణజాలానికీ మధ్య ఉండే రక్షణ పొర ఎక్కడ దెబ్బతింటే అక్కడ బయటికి కారి మెరుస్తుంది. ఆ పొరను కణితీ దెబ్బతీస్తుంది, రేడియేషనూ దెబ్బతీస్తుంది. 2005లో రేడియేషన్‌తో పాటే టెమోజోలోమైడ్ అనే కీమో మందు ఇవ్వడం ప్రామాణిక చికిత్స అయ్యాక ఈ అబద్ధపు పెరుగుదల మరీ తరచుగా ఎదురైంది. పనిచేస్తున్న మందును ఆపేయడమో, అక్కర్లేని ఆపరేషన్‌కు సిద్ధపడటమో దీనివల్ల వచ్చే ముప్పు.

కణితి ఆకారాన్ని కాక దాని జీవక్రియను చూడాలన్న ఆలోచన ఇందుకు చాలా ముందుదే. పెట్ స్కాన్‌కు ఆధారం పాజిట్రాన్లు, అంటే రోగికి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే, ధనావేశం గల ఎలక్ట్రాన్ లాంటి కణాలు. అసలు వైద్యంలో వీటి వాడకం మొదలైంది మెదడు కణితుల కోసమే. 1950ల తొలినాళ్లలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో న్యూరోసర్జన్ విలియం స్వీట్, భౌతిక శాస్త్రవేత్త గోర్డన్ బ్రౌనెల్ రోగి తలకు అటూ ఇటూ రెండు సోడియం అయోడైడ్ డిటెక్టర్లు అమర్చారు. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి నశించినప్పుడు రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో వెలువడతాయి కనుక, రెండు డిటెక్టర్లకూ ఒకేసారి తగిలినవాటినే లెక్కించి కణితి ఎక్కడుందో అంచనా వేశారు. 1971లో లండన్‌లో తొలి సీటీ స్కాన్ ఒక రోగి మెదడులోని కణితిని నేరుగా చూపించాక అందరి చూపూ ఆకారం వైపే మళ్లింది.

జీవక్రియను చూసే పద్ధతికి మళ్లీ ఊపిరి పోసింది ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక గ్లూకోజ్. కణితి కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడతాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే చూపించారు. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పాజిట్రాన్లను వెలువరించే ఫ్లోరిన్-18 జోడించి తయారుచేసిన ఈ గ్లూకోజ్ రూపాన్ని 1976 ఆగస్టులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనుషులకు ఇచ్చారు. గ్లయోమా (మెదడులోని గ్లియల్ కణాల నుంచి పుట్టే కణితి) తీవ్రతకు తగ్గట్టు గ్లూకోజ్ వాడకం పెరుగుతుందని 1982లో జియోవన్ని డి కీరో బృందం నివేదించింది. తర్వాత కాలంలో ఎఫ్‌డీజీ శరీరంలోని ఇతర క్యాన్సర్లకు తిరుగులేని సాధనమైంది గానీ, మెదడు దగ్గరే చతికిలపడింది. శరీర బరువులో రెండు శాతమే ఉన్న మెదడు మామూలుగానే గ్లూకోజ్‌ను అంతగా లాగేసుకుంటుంది కనుక, చుట్టూ ఉన్న వెలుగులో కణితి కలిసిపోతుంది.

అందుకే పరిశోధకులు అమైనో ఆమ్లాల వైపు తిరిగారు. కణితి కణాలు వీటిని అధికంగా లోపలికి తీసుకుంటాయి, ఆరోగ్యకరమైన మెదడు అంతగా తీసుకోదు, పైగా రక్షణ పొర చెదరకపోయినా ఇవి లోపలికి వెళ్లగలవు. మొదట వాడిన కార్బన్-11 మిథియోనిన్ అర్ధజీవిత కాలం, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 20 నిమిషాలే. ఇలాంటి పదార్థాలను తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఆవరణలోనే ఉన్న ఆస్పత్రికి తప్ప మరొకరికి అది అందదు. 1990ల చివర జర్మనీలో రూపొందిన ఎఫ్‌ఈటీ అనే అమైనో ఆమ్ల రూపంలో ఉన్నది 110 నిమిషాల అర్ధజీవిత కాలం గల ఫ్లోరిన్-18 కావడంతో దాన్ని వ్యానులో పక్క ఊరికి పంపడం సాధ్యమైంది. మన దేశంలో 2002లో ముంబయి రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో పెట్ స్కానింగ్ మొదలైనా, ఇక్కడి సరఫరా ప్రధానంగా ఎఫ్‌డీజీ చుట్టూనే అల్లుకుంది.

ఎఫ్‌ఈటీ స్కాన్‌కు నాలుగు గంటల ఉపవాసం కావాలి, ఎందుకంటే తిన్న ఆహారంలోని అమైనో ఆమ్లాలు దానితో పోటీపడతాయి. తర్వాత మెదడు రెండో సగంలో ఆరోగ్యంగా ఉన్న భాగం చుట్టూ గీత గీసి, అక్కడి సగటు కంటే 1.6 రెట్లు లేదా అంతకు మించి వెలిగిన ప్రాంతాన్ని కణితిగా లెక్కిస్తారు. చికిత్సకు స్పందన ఎలా కొలవాలో చెప్పే పెట్ ప్రమాణాలను అంతర్జాతీయ నిపుణుల బృందం 2024లో గానీ ఖరారు చేయలేదు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. తక్కువ తీవ్రత గల కొన్ని గ్లయోమాలు ఎఫ్‌ఈటీని తీసుకోవు. తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాకు మళ్లీ రేడియేషన్ ఇచ్చేటప్పుడు ఎంఆర్‌ఐకి బదులు ఈ స్కాన్‌ను బట్టి హద్దులు గీస్తే వ్యాధి ఆలస్యంగా ముదురుతుందేమోనని జర్మనీలో 200 మందిపై జరిపిన పరీక్షలో తేడా కనిపించలేదు. ఐరోపాలో ఏళ్లుగా వాడుకలో ఉన్న ఎఫ్‌ఈటీకి అనుమతి ఇవ్వకుండా, మరింత క్లినికల్ ఆధారం చూపమని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరింది. ఆ ఆధారం కూడగట్టడమే చిక్కు: స్కాన్ చెప్పింది నిజమో కాదో తేలాలంటే కణజాలం కావాలి, అందుకోసం ప్రతి రోగి పుర్రెనూ మళ్లీ తెరవలేరు.