అడ్డపొగ వెనక అంగిలి క్యాన్సర్

మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక పక్కన వస్తుంది. గుట్కా, ఖైనీ నానేది అక్కడే. అంగిలికి రావడం అరుదు. శ్రీకాకుళం, విశాఖ తీర పల్లెల్లో మాత్రం డాక్టర్లు ఆ అరుదైన జబ్బునే తరచుగా చూశారు. కారణం అడ్డపొగ.

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి తాగడమే అడ్డపొగ. తాగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, నుసి రాలదని చెబుతారు. రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట నోట్లో కాలుతూనే ఉంటుంది. అమ్మను, అమ్మమ్మను చూసి నేర్చుకున్న అలవాటిది. తెలియక చేశారని వాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు.

పొగలోని విషాలు కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి. దానికితోడు నిప్పు సెగ అంగిలి పొరను రోజూ కాలుస్తుంది. కాలిన పొర మళ్లీ మళ్లీ పెరిగే క్రమంలో కొన్ని కణాలు అదుపు తప్పుతాయి.

ఈ సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. వాళ్లలో దాదాపు 44 శాతం మందికి అడ్డపొగ అలవాటుందని 1971లో ప్రకటించారు. ఆ పైన శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ ప్రాంతాల్లో సుమారు 36 వేలమంది పొగాకు వాడేవాళ్లకు మానమని నచ్చజెబుతూ ఏళ్ల తరబడి గమనించారు. మానేసినవాళ్లలో, తగ్గించినవాళ్లలో క్యాన్సర్‌కు ముందొచ్చే మచ్చలు తగ్గాయి.

అంగిలి ముందే హెచ్చరిస్తుంది. మొదట పాలిపోయి తెల్లబడుతుంది, మందమవుతుంది. మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు లేస్తాయి. ఎర్రగా మారిన చోటు, రెండు మూడు వారాలైనా మానని పుండు ప్రమాదకరం. నొప్పి ఉండకపోవచ్చు. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే విషయం తేలిపోతుంది.

తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తోనే నయం చేయొచ్చు. ముదిరితే పైదవడ ఎముక కొంత తీసేయాలి, ఆపైన జనం 'కరెంటు' అనే రేడియేషన్, ఒక్కోసారి కీమో కూడా. అంగిట్లో రంధ్రం మిగిలితే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కులోంచి పలుకుతుంది. ఆ రంధ్రాన్ని కట్టుడుపళ్ల సెట్టులాంటి పలకతో మూస్తారు.

30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. ఈ పల్లెల్లో ఆ పరీక్ష చేసేవాళ్లు బుగ్గలు, నాలుక చూసి సరిపెట్టకూడదు. పెద్దావిడ తల వెనక్కి వంచి, అంగిలి మీద టార్చి వేసి చూడాలి. కట్టుడుపళ్లుంటే అవీ తీయించాలి.