ఆకలి చెప్పనప్పుడు గడియారం చెప్పాలి

1844లో దక్షిణాఫ్రికాలోని మబోట్సా దగ్గర డేవిడ్ లివింగ్‌స్టన్ అనే స్కాట్లండ్ మిషనరీ మీద సింహం పడింది. భుజం కరచి పట్టుకుని విదిలించింది, చేతి ఎముక విరిగింది. బతికి బయటపడ్డాక ఆయన రాసుకున్న సంగతి చిత్రమైనది. ఆ సమయంలో నొప్పీ లేదు, భయమూ లేదు. ఏదో కలలో ఉన్నట్టుంది, కానీ జరిగేదంతా తెలుస్తూనే ఉంది.

పారిపోయే దారి, ఎదురుతిరిగే బలం రెండూ లేనప్పుడు మెదడు ఈ పని చేస్తుంది. నొప్పినీ భయాన్నీ అణచిపెట్టి మనిషిని తన ఒంటికి కాస్త దూరం చేస్తుంది. దీన్ని డిసోసియేషన్ అంటారు. లివింగ్‌స్టన్‌కి సింహం ఒక్కసారే ఎదురైంది. ఇంట్లోనే ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న పిల్లకో, లైంగిక హింస భరించిన మనిషికో ఆ దూరమే అలవాటైపోవచ్చు. ప్రమాదం పోయి ఎంతకాలమైనా, ఎవరో గట్టిగా తలుపేసినా చాలు, చేతులు తనవి కానట్టు, గొంతు ఇంకెవరిదో అన్నట్టు అనిపిస్తుంది.

ఇదంతా ‘ఊహ’ అని కొట్టిపారేసేవాళ్ళకి 1990లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం గురించి చెప్పాలి. వియత్నాం యుద్ధంలో పనిచేసి, ఆ తర్వాత పీటీఎస్‌డీతో (ఘోరమైన అనుభవం తర్వాత వదలని మానసిక సమస్యతో) బాధపడుతున్న ఎనిమిది మందికి పావుగంట సేపు యుద్ధ దృశ్యాలు చూపించారు. తర్వాత ఒంటికి వేడి తగిలించి, నొప్పి ఎంత ఉందో చెప్పమన్నారు. నొప్పి దాదాపు 30 శాతం తగ్గింది. నల్లమందు జాతి రసాయనాలను, అంటే ఓపియాయిడ్లను, అడ్డుకునే నాలోక్సోన్ మందు ముందే ఇచ్చినప్పుడు మాత్రం అలా తగ్గలేదు. అంటే నొప్పిని చంపింది వాళ్ళ ధైర్యం కాదు, వాళ్ళ మెదడే తయారుచేసుకున్న నల్లమందులాంటి రసాయనం. ఎనిమిది మందితో చేసిన ప్రయోగం మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. అయితే తర్వాత కెనడాలో మానసిక వైద్యురాలు రూత్ లేనియస్ బృందం చూసిందీ ఇదే దారిలో ఉంది. పాత ఘటన గుర్తుచేస్తే చాలామందికి గుండె దడ పెరిగింది, డిసోసియేట్ అయినవాళ్ళకి పెరగలేదు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పీటీఎస్‌డీలో దీన్ని ప్రత్యేక ఉపరకంగా గుర్తించింది.

ఇబ్బంది ఏమిటంటే, మెదడు నొప్పి ఒక్కదాన్నే ఆపి మిగతావాటిని వదిలిపెట్టదు. ఆకలి, దాహం, మూత్రం వస్తున్న సంగతి, జ్వరం, అలసట లాంటి లోపలి కబుర్లన్నీ మెదడులో ఇన్సులా అనే భాగానికి చేరతాయి. ఆ కబురు మసకబారితే మనిషి పొద్దున్నుంచి ఏమీ తినలేదన్న సంగతి కళ్ళు తిరిగి పడ్డాక గాని తెలియదు. పంటి నొప్పి చీము పట్టేదాకా తెలియదు. ఇలాంటివాళ్ళకి ‘నీ ఒళ్ళు ఏం చెబుతోందో విను’ అని సలహా ఇవ్వడం నాకైతే క్రూరంగానే అనిపిస్తుంది. వినబడనిదాన్ని ఎలా వింటారు?

అందుకే ఒంటి సంరక్షణ బయటినుంచి మొదలుకావాలి. ఆకలి వేసిందా లేదా అని చూడకుండా టైముకి తినాలి. తిండికి, నీళ్ళకి, బాత్రూముకి, మందులకి ఫోన్‌లో అలారం పెట్టుకోవడంలో సిగ్గేమీ లేదు. మనసు మసగ్గా ఉన్న రోజు స్టవ్ దగ్గర నిలబడకపోవడం మంచిది. కాలినా వెంటనే తెలియదు కాబట్టి స్నానం నీళ్ళ వేడి కూడా చూసుకోవాలి. బట్టలు విప్పడమే భరించలేని వాళ్ళుంటారు. వాళ్ళకి తడిబట్టతో తుడుచుకోవడం, ఇవాళ తల, రేపు కాళ్ళు అన్నట్టు కడుక్కోవడం చాలు. అది బద్ధకం కాదు, ఆ రోజుకి అయినంత పని.

డాక్టర్ దగ్గర ఇంకో చిక్కు. పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, ఇంకొకరి చేతులు నోట్లో పెట్టనివ్వడమంటే హింస అనుభవించినవాళ్ళకి మామూలు విషయం కాదు. చెయ్యెత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోవచ్చు. మొత్తం కథ చెప్పక్కర్లేదు, ‘ముట్టుకునే ముందు చెప్పండి’ అంటే చాలు. లక్షణాలు కాగితం మీద రాసి తీసుకెళ్ళాలి, గదిలోకి వెళ్ళగానే మాట పడిపోవచ్చు. నీరసాన్నంతా ట్రామా (పాత హింస మిగిల్చిన మానసిక గాయం) ఖాతాలో వేసేయకుండా రక్తహీనత, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోవాలి. ట్రామా ఉన్నవాళ్ళకీ మామూలు జబ్బులు వస్తాయి.

మన ఇళ్ళలో వెంటనే వచ్చే సలహా ధ్యానం. కళ్ళు మూసుకుని శ్వాస మీద దృష్టి పెడితే కొందరికి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. కళ్ళు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, ఎదురుగా కనిపించేవాటి పేర్లు పైకి చెప్పుకోవడం వాళ్ళకి నయం. యోగా పనికిరాదని కాదు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏ వైద్యానికీ లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలను రెండు గుంపులు చేశారు. పది వారాల తర్వాత యోగా గుంపులో 52 శాతం మంది పీటీఎస్‌డీ నిర్ధారణ నుంచి బయటపడ్డారు, ఆరోగ్య పాఠాలు విన్న గుంపులో 21 శాతం. అయితే ఆ యోగాలో ఏ ఆసనం వేయాలో, ఎంతసేపు వేయాలో ఆ మనిషి ఇష్టం. వంచి, నొక్కి సరిచేసే మన మాస్టార్ల పద్ధతి అందులో లేదు.

డిసోసియేషన్ మన దగ్గర చాలాసార్లు ఫిట్స్‌లా కనబడుతుంది. గాలి సోకిందంటారు, చేతిలో తాళంచెవులు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, కొందరైతే చెంపలు వాయిస్తారు. కొట్టడం పాత గాయాన్ని మళ్ళీ రేపడమే. మెల్లగా పేరు పెట్టి పిలిచి, ఇది ఏ ఊరో, ఏ వారమో, పక్కన ఎవరున్నారో చెప్పడం మేలు. ఎలాంటి సాయం అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. ఇక మొదటిసారి ఫిట్స్‌లా వస్తే మాత్రం ఇది మనసుదే అని ఇంట్లోవాళ్ళు తేల్చేయకూడదు. మూర్ఛ కాదని న్యూరాలజిస్టు చెప్పాలి. అప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో ఆయనకి చాలా ఉపయోగపడుతుంది.