చాలీచాలని ఆదాయంలో పొదుపు: అపోహలు – వాస్తవాలు

అప్పులతో సతమతమయ్యే కుటుంబాల ఇంటి లెక్కలు చూసి, దారి చెప్పడం నా ఉద్యోగం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో దుబారా మనుషులు తక్కువ. చాలామంది ఇప్పటికే నోరు కట్టుకుని బతుకుతున్నవాళ్లే. వాళ్లకి ‘ఇంకాస్త పొదుపుగా ఉండండి’ అని ఎవరైనా సలహా ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు కాపలా కాసేది ఒకచోట, డబ్బు పోయేది ఇంకోచోట.

అపోహ: చిల్లర ఖర్చులు మానేస్తే డబ్బు అదే మిగులుతుంది

కరెంటు బిల్లే తీసుకోండి. ఛార్జర్ ప్లగ్‌లో వదిలేశారని చాలా ఇళ్లలో రోజూ గొడవ. ఇప్పుడొచ్చే ఫోన్ ఛార్జర్లు ఖాళీగా ఉన్నప్పుడు సాధారణంగా అర వాట్ కూడా తీసుకోవు. నెలంతా అలాగే వదిలేసినా అర యూనిట్ కాలదు. అదే 60 వాట్ల పాత బల్బు తీసేసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, రోజుకి 5 గంటల వాడకానికి నెలకి ఏడున్నర యూనిట్లు తగ్గుతాయి. ఏడాది పొడవునా ఛార్జర్ పీకుతూ మిగిల్చేదాని కన్నా ఆ బల్బు ఒక్క నెలలో ఎక్కువ మిగులుస్తుంది. ఇక 2 కిలోవాట్ల హీటర్‌తో రోజూ అరగంట ఎక్కువసేపు నీళ్లు కాచారంటే నెలకి 30 యూనిట్లు.

మిగతా ఖర్చులదీ ఇదే తీరు. అద్దె, వాయిదాలు, ప్రయాణాలు, ఫీజులు... పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా రాయండి. పైనున్న మూడింటిలో ఒక్కటి తగ్గించగలిగినా కిందనున్న పదింటి మీద పోట్లాడే పని తప్పుతుంది. పైగా అది ఒక్కసారి తీసుకునే నిర్ణయం, రోజూ మనసు చంపుకోనక్కర్లేదు.

అపోహ: ఈ నెల అనుకోని ఖర్చు వచ్చిపడింది, లేకపోతే మిగిలేదే

నేను ఎక్కువగా వినే మాట ఇది. ఏమిటా ఖర్చు అని అడిగితే స్కూలు ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి సర్వీసింగ్, దగ్గరివాళ్ల పెళ్లి అంటారు. వీటిలో అనుకోనిది ఏదీ లేదు. ఏ నెలలో వస్తుందో ముందే తెలిసినవీ, ఎప్పుడో ఒకప్పుడు తప్పనివీ. నెలనెలా రావు కాబట్టి నెల బడ్జెట్‌లో వాటికి చోటుండదు, అంతే. తీరా వచ్చినప్పుడు అప్పు చేస్తాం, ఆ వాయిదా వచ్చే నెలల్ని తినేస్తుంది, ఆలోగా ఇంకోటి వస్తుంది. బిగుతు బడ్జెట్లు ఎక్కువగా విరిగేది ఇక్కడే.

బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, గడిచిన 12 నెలల్లో ఇలాంటివి ఎంతయ్యాయో కూడండి. వచ్చినదాన్ని 12తో భాగించండి. ఏడాది మొత్తం ఒక నెల జీతమంత అయితే, నెలకి జీతంలో 8 శాతం పైమాటే. దాన్ని పొదుపు అనుకోకండి, కరెంటు బిల్లులాగే అదీ ఒక బిల్లు. అంత తీయలేకపోతే సగం తీయండి, చేయాల్సిన అప్పు సగమైనా తగ్గుతుంది. రోజు కూలీ, సీజన్ వ్యాపారం ఉన్నవాళ్లు నెల లెక్క పెట్టుకోవద్దు. డబ్బు చేతికొచ్చిన ప్రతిసారీ ఇంత వంతు అని పక్కకి తీస్తే చాలు.

అపోహ: అప్పులున్నా పొదుపు ఆపకూడదు

క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి 42. వడ్డీ మీద వడ్డీ కలిస్తే 51 దాటుతుంది. ఆ బాకీ పెట్టుకుని బ్యాంకు డిపాజిట్‌లో డబ్బు దాచడమంటే ప్రతి నెలా నష్టాన్ని కొనుక్కోవడమే. కాకపోతే ఒక చిన్న మొత్తం మాత్రం చేతిలో ఉండాలి. అది లేకపోతే పిల్లలకి జ్వరమొచ్చిన రోజు మళ్లీ కార్డే గీకాలి. ఆ తర్వాత దొరికిన ప్రతి పైసా వడ్డీ ఎక్కువున్న అప్పుకే వేయండి. మినిమం డ్యూ, అంటే ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుందేమో గానీ, మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

అపోహ: 12 శాతం వడ్డీ అంటే 12 శాతమే

ఫ్లాట్ వడ్డీ అయితే కాదు. 100 అప్పు తీసుకుని ఏడాదిలో 12 వాయిదాలుగా 112 కడుతున్నారనుకోండి. నెలనెలా అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం మొదటి 100 మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. ‘తగ్గే అసలు మీద వడ్డీ ఎంత?’ అని సంతకానికి ముందు అడగండి. జవాబు నసిగారంటే లేచి వచ్చేయండి.

అపోహ: పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక

కొన్నిసార్లు చిన్నదే చవక. ధరని బరువుతో భాగించి చూడండి. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అన్నది 33 శాతం తగ్గింపే, కానీ మూడోది మీరు వాడితేనే.

అపోహ: ప్రతి ఖర్చూ జీవితాంతం రాసుకోవాలి

ఎవరి వల్లా కాదు. ఒక్క నెల రాయండి, అనుకున్నదానికన్నా ఎక్కువయ్యే పద్దులు రెండో మూడో తేలతాయి. తర్వాత వాటినే చూసుకుంటే సరిపోతుంది.

అపోహ: జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా పొదుపు కట్ అయిపోవాలి

మంచి పద్ధతే, కానీ ఖాతాలో నిల్వ అంతంతమాత్రంగా ఉండేవాళ్లకి ఒక చిక్కుంది. పొదుపు ముందు పోయి, తర్వాత ఈఎంఐకి డబ్బు చాలక బౌన్స్ అయితే, నెలంతా దాచింది జరిమానాకే చాలకపోవచ్చు. వాయిదాలన్నీ వెళ్లిపోయాక ఒక రోజు ఆగి పొదుపు తేదీ పెట్టుకోండి. జీతం ఒక్కోసారి ఆలస్యంగా పడే ఉద్యోగమైతే ఈఎంఐ తేదీని కూడా కొన్ని రోజులు ఆలస్యంగా ఉండేలా మార్చమని అడగండి. చాలామంది అడగరు గానీ, కొన్ని సంస్థలు మారుస్తాయి.