ఏఎం సిగ్నల్ లోతు డాంగిల్‌తో కొలవడం

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, రేడియో స్టేషన్ మాడ్యులేషన్ (మాటకి తగ్గట్టు రేడియో తరంగం ఎత్తు ఊగే ఊపు) ఎంత శాతం ఉందో మన దగ్గరున్న ఆర్‌టీఎల్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కి తగిలించుకునే చిన్న రేడియో రిసీవర్‌తో) తెలుస్తుందా అని. తెలుస్తుంది, చాలా బాగా తెలుస్తుంది, ఎందుకంటే మనకి కావాల్సింది వోల్టులూ వాట్లూ కాదు, రెండు ఎత్తుల మధ్య నిష్పత్తి మాత్రమే. యాంటెనా చిన్నదైనా కేబుల్ పొడుగైనా రెండు ఎత్తులూ ఒకే లెక్కన తగ్గుతాయి, శాతం మారదు.

ఏఎంలో, అంటే తరంగం ఎత్తు మార్చి మాట పంపే పద్ధతిలో, ఎవరూ మాట్లాడనప్పుడు క్యారియర్, అంటే మాటని మోసే తరంగం, ఒకే ఎత్తులో ఉంటుంది, మాట మొదలవగానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగించండి, అదే లోతు. గరిష్ఠం 3, కనిష్ఠం 1 అయితే 4లో 2, అంటే 50 శాతం. కనిష్ఠం సున్నాకి తగిలితే 100. అది కూడా దాటి తోస్తే క్యారియర్ కాసేపు తెగిపోతుంది, మాట పగిలినట్టు వినిపిస్తుంది, ఆ చెత్త పక్క స్టేషన్ల మీద పడుతుంది, అందుకే ట్రాన్స్‌మిటర్ దగ్గర కూర్చునేవాళ్ళు ఈ అంకె మీద అంత కన్నేసి ఉంచుతారు.

ముందు కాలేజీ ల్యాబ్‌లో సిగ్నల్ జనరేటర్‌తో మొదలుపెట్టండి. 30 మెగాహెర్ట్జ్ క్యారియర్, దాని మీద 1 కిలోహెర్ట్జ్ టోన్, మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ తప్పకుండా పెట్టండి, లేకపోతే డాంగిల్ పోతుంది. స్క్రీన్ మీద మధ్యలో క్యారియర్, అటూ ఇటూ 1 కిలోహెర్ట్జ్ దూరంలో టోన్ వల్ల పుట్టే సైడ్‌బ్యాండ్లు, మొత్తం మూడు శిఖరాలు కనపడాలి. సైడ్‌బ్యాండ్ క్యారియర్ కన్నా 6 డీబీ (డెసిబెల్, బలాల నిష్పత్తి కొలత) కింద ఉంటే 100 శాతం, 12 కింద ఉంటే 50, పదహారున్నర కింద ఉంటే 30. రెండు పక్కలా ఎత్తు సమానంగా లేదంటే ఫిల్టర్ అంచు ఒక పక్కని తినేస్తోందేమో చూడండి.

మూడు శిఖరాలు కాకుండా ఒకటే లావు శిఖరం కనిపిస్తే కంగారు పడకండి. సెకనుకి 24 లక్షల శాంపిళ్ళు తీసుకుని 1024 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ (శాంపిళ్ళని ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసే లెక్క) వేస్తే ఒక్కో గడి 2.3 కిలోహెర్ట్జ్ వెడల్పు, అందులో 1 కిలోహెర్ట్జ్ దూరం ఎక్కడ కనపడుతుంది? 48 వేలకి తగ్గించి 4096 పాయింట్లు వెయ్యండి, గడి 12 హెర్ట్జ్‌కి దిగుతుంది, శిఖరాలు విడివిడిగా నిలబడతాయి. క్యారియర్‌ని సరిగ్గా మధ్యలోకి తేవద్దు, అక్కడ డాంగిల్ సొంత స్పైక్ ఒకటి ఉంటుంది, కాస్త పక్కకి ట్యూన్ చేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో జరుపుకోండి.

ఇక నిజం స్టేషన్‌లో టోన్ ఉండదు, మాటలూ పాటలూ ఉంటాయి, అక్కడ డీబీ లెక్క పనికిరాదు. డాంగిల్ ప్రతి శాంపిల్‌కీ ఐ, క్యూ అని రెండు అంకెలు ఇస్తుంది, ఐ వర్గం, క్యూ వర్గం కలిపి వర్గమూలం తీస్తే ఎన్వలప్, అంటే ఆ క్షణాన తరంగం ఎత్తు, వస్తుంది, దాని సగటు క్యారియర్, కిందకి ఎంత దిగిందో పైకి ఎంత ఎక్కిందో విడివిడిగా ఆ సగటుతో పోల్చండి. మాటకి పైకీ కిందకీ ఒకేలా ఉండదు, అందుకని రెండూ రాసుకోవాలి, కిందకి ఎంత దిగిందన్నదే ముఖ్యం. ఫిల్టర్ వెడల్పు 10 కిలోహెర్ట్జ్ ఉంచండి, ఇరుకు చేస్తే పై స్వరాలు తెగి లోతు తక్కువగా వస్తుంది.

విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ లాంటి మీడియం వేవ్ కావాలంటే, ఆర్‌టీఎల్ ట్యూనర్ దాదాపు 24 మెగాహెర్ట్జ్ పైనే పని చేస్తుంది కాబట్టి డైరెక్ట్ శాంప్లింగ్ (ట్యూనర్‌ని దాటేసి సిగ్నల్‌ని నేరుగా అంకెలుగా మార్చే కన్వర్టర్‌కి ఇవ్వడం) గానీ అప్‌కన్వర్టర్ (ఫ్రీక్వెన్సీని పైకి జరిపే పరికరం) గానీ ఉండాలి. పగలే కొలవండి. రాత్రి నేల మీదుగా వచ్చే తరంగంతో పాటు పైనుంచి తిరిగొచ్చేది కూడా కలిసి ఒక్కోసారి క్యారియర్‌ని సైడ్‌బ్యాండ్ల కన్నా ఎక్కువగా నొక్కేస్తుంది, అప్పుడు మీటర్ 100 దాటి చూపిస్తుంది, పాపం స్టేషన్ వాళ్ళ తప్పేమీ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఏజీసీ (గెయిన్‌ని, అంటే సిగ్నల్ పెంచే మోతాదుని, తనంతట తనే మార్చేది) తీసెయ్యండి, లేకపోతే మీరు కొలవాల్సిన ఊపునే అది సర్దేస్తుంది. తర్వాత గెయిన్ కొంచెం తగ్గించి మళ్ళీ కొలవండి, శాతం మారిందంటే 8 బిట్ల కన్వర్టర్ పైన నిండిపోయి శిఖరాలు కోసేస్తోందని అర్థం, ఇంకా తగ్గించండి. మరీ తగ్గిస్తే నాయిస్ లోయల్ని పూడ్చేస్తుంది, అప్పుడూ లోతు తక్కువే వస్తుంది. డైరెక్ట్ శాంప్లింగ్‌లో గెయిన్ స్లైడర్ పని చెయ్యదు, అక్కడ అటెన్యుయేటర్‌తోనే ఈ పరీక్ష చెయ్యాలి.

జనరేటర్ మీద 30, 50, 80 పెట్టి మీకు ఎంతెంత వచ్చిందో, గెయిన్ ఎంత ఉంచారో రాసి ఐక్యూ ఫైళ్ళతో సహా పంపండి, నేనిక్కడ లెక్క కట్టి చూస్తాను.

మీ తాతయ్య